యంత్రమునకు తెలుగు నేర్పిన కార్డు

కొంతకాలము క్రిందట చిత్తూరునకు సమీపమున నున్న ఒక గ్రామమునుండి ఒక పెద్దమనిషి మమ్ము వెదకుకొనుచు తిరుపతికి వచ్చినారు. ఆయన చేతిసంచిలో ఒక పాత మిఠాయి డబ్బా, ఆ డబ్బాలో ఐదుంబావు అంగుళముల ఫ్లాపీలు ఏడు ఉన్నవి. నేటి బాలురు ఫ్లాపీ నెరుగరు. నల్లని చదరపు తొడుగులో సన్నని అయస్కాంతపు పూతగల బిళ్ళ అది, వంచిన వంగును. తమ ఊరి గ్రంథాలయమునకు స్థలము కొన్నప్పుడు చందాలిచ్చిన వారి పేర్లు, ఇచ్చిన మొత్తములు ఆ బిళ్ళలలో ఉన్నవి. 1990 దాటిన తొలి రోజులలో ఆయనయే చిత్తూరులో ఒక శిక్షణ కేంద్రమున కూర్చుండి, వాటిని తెలుగులో కంప్యూటరునకు ఎక్కించినారట. కాగితపు రిజిస్టరును చెదలు తినివేసినవి. ఇప్పుడు ఆ స్థలము ఊరిదా, ఒక కుటుంబముదా అను తగవు వచ్చినది. నలుగురి చందాలతో కొన్నదని చూపుటకు మిగిలిన ఆధారము ఆ మిఠాయి డబ్బా ఒక్కటే.

ఆయన అప్పటికే ఒకరిద్దరికి చూపినారు. “ఫైలు పాడైపోయింది తాతా” అని ఒక కుర్రవాడు తేల్చివేసినాడట. మేము ఒక మరమ్మతుదారు వద్ద మిగిలియున్న పాత డ్రైవు సంపాదించి, ఫ్లాపీలలోని దానిని ఉన్నదున్నట్లు నేటి యంత్రములోనికి దింపుకొని చూచినాము. తెరమీద తెలుగు లేదు. టోపీలు పెట్టుకొన్నవి, తలపై చుక్కలు గలవి, క్రింద తోకలు గలవి, ఫ్రెంచివారివో జర్మనులవో అనిపించు అక్షరములు బారులు తీరి ఉన్నవి. కాని ప్రతి పంక్తి చివరను 116, 501, 1116 అను అంకెలు చెక్కుచెదరక ఉన్నవి. పాడైన ఫైలులో నూటపదార్లు ఇంత పొందికగా మిగులవు. కాబట్టి చెడినది ఫైలు కాదు. ఆనాటి యంత్రములో ఉండి నేటి యంత్రములో లేని వస్తువేదో ఒకటి ఉండవలెను. ఆ వస్తువు ఒక కార్డు. దాని కథయే ఈ ప్రసంగము.

కంప్యూటరు కొన్ననాడే దానికి అన్ని విద్యలును వచ్చి ఉండవు. అందుచేత ఆ కాలపు చిన్న యంత్రములకు వెనుకనో లోపలనో ఒక ద్వారము ఉంచెడివారు. 1984లో క్లాస్ అను పథకము క్రింద మన దేశపు పాఠశాలలకు వచ్చిన బిబిసి మైక్రో మూత తీసినచో, క్రొత్త చిప్పులు గ్రుచ్చుటకు ఖాళీ సాకెట్లు కనబడును. ఇండ్లలో టెలివిజనునకు తగిలించుకొను స్పెక్ట్రమ్ అను యంత్రమును 1982లో ఇంగ్లండున సింక్లెయిర్ సంస్థ తెచ్చినది. తరువాత డెసిబెల్స్ అను సంస్థ లైసెన్సు పుచ్చుకొని మన దేశమున అమ్మినది. 16 కిలోబైట్ల జ్ఞాపకముతో స్పెక్ట్రమ్ కొన్నవారు, చేతిలో డబ్బాడినప్పుడు మరి 32 చేర్చి 48 చేసికొనెడివారు. ఉన్న ఇంటికే మరియొక గది వేసికొన్నట్లన్నమాట.

కార్యాలయములకు వచ్చిన ఐ.బి.యం. యంత్రములలో ఈ ఏర్పాటు మరింత విశాలమైనది. 1981 నాటి పీసీలో ఐదు స్లాట్లు, 1983 నాటి ఎక్స్‌టీలో ఎనిమిది. స్లాటు అనగా మదర్ బోర్డుపై నున్న పొడవాటి గాడి. అందులో ఒక్కొక్క ప్రక్క 31 చొప్పున 62 లోహపు స్పర్శలుండును. కొన్ని సమాచారమును మోయును, కొన్ని అది చేరవలసిన చిరునామాను, కొన్ని విద్యుత్తును, ఒకటి యంత్రపు గడియారము కొట్టు దెబ్బను. ఇందు గ్రుచ్చిన కార్డు, ప్రధాన యంత్రము పలుకు ప్రతి పలుకును వినగలదు, తానును బదులు పలుకగలదు. ఐ.బి.యం. వారు ఈ గాడి వివరములను దాచక పుస్తకముగా ప్రకటించినందువలన, ఇతరులును తమ తమ అవసరములకు కార్డులు చేయగలిగినారు. మన భాష యంత్రములోనికి వచ్చినది ఆ గాడిలోనుండియే.

ఆ యంత్రము స్వతహాగా తెలుగు ఎందుకు వ్రాయలేదు? అది తెరను 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలుగా గళ్ళు చేసి, గడికొక అక్షరము చొప్పున నింపును. అక్షరముల ఆకారములు 256 మాత్రమే; అవి తెర నడపు కార్డులోని చిప్పుపై శాశ్వతముగా ముద్రింపబడి యుండును. ఒంటిరంగు తెరలో గడి వెడల్పు 9 చుక్కలు, ఎత్తు 14 చుక్కలు. రంగుల తెరలో ఎనిమిదికి ఎనిమిదే. ‘స్త్రీ’ అను అక్షరమును ఎనిమిది చుక్కల ఎత్తులో వ్రాయ ప్రయత్నింపుడు! సకారము, దానిపై గుడిదీర్ఘము, క్రింద తావత్తు, ప్రక్క క్రారవడి, ఇన్నిటికిని చోటెక్కడ? పైగా మన గుణింతములే నాలుగు వందలు దాటును. సంయుక్తాక్షరములు చేరినచో లెక్క వేలలోనికి పోవును. ఇంగ్లీషునకు అక్షరము ఒంటిది. మనకు అక్షరము ఒక చిన్న కుటుంబము.

ఈ చిక్కు మన యొక్కరిదే కాదు. వాన్ సువన్నుకూల్ అను థాయి విద్యార్థి తన డాక్టరేటు సిద్ధాంతవ్యాసమును ఐ.బి.యం. పీసీపై థాయి లిపిలో వ్రాసికొనదలచి, అది సాధ్యము గాకపోగా 1982లో తానే ఒక కార్డు రూపొందించినాడు. అడ్డముగా 720, నిలువుగా 348 చుక్కలను విడివిడిగా వెలిగింపగల ఆ హెర్క్యులిస్ కార్డు తరువాత లోకమంతట అమ్ముడుపోయినది. దానిని కొన్నవారిలో ఎందరికి అది థాయి అక్షరముల కొరకు పుట్టినదని తెలియునో!

మన దేశమున ఈ కృషి కాన్పూరు ఐ.ఐ.టి.లో దేవనాగరితో మొదలైనది. 1983లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ హిందీ సమ్మేళనమున అక్కడివారు దేవనాగరి కంప్యూటరును ప్రదర్శించినారు. 1988లో పూనాలో సీడాక్ సంస్థ స్థాపితమైన పిమ్మట, మోహన్ తాంబే నాయకత్వమున ఆ విద్య పీసీ గాడిలో ఇముడు కార్డుగా బయటకు వచ్చినది. దాని పేరు జిస్ట్. హిందీ, బెంగాలీ, తమిళము, కన్నడము, మలయాళము మున్నగు లిపులతోపాటు తెలుగును అందు చేరినది.

ఈ కార్డు చేసిన పనిలోని తెలివిని కొంత నిలిచి చూడవలెను. ఆనాడు కార్యాలయములలో వాడుకలో నున్న ప్రోగ్రాములు డీబేస్, వర్డ్‌స్టార్, లోటస్ వంటివి. అవన్నియు ఇంగ్లీషు తప్ప మరొకటి ఎరుగవు. వాటిని తెలుగునకు తిరుగవ్రాయుట ఎవరి తరము? జిస్ట్ కార్డు వాటి జోలికి పోలేదు. ప్రోగ్రాము ఎప్పటివలెనే సంకేతసంఖ్యలను తెరకు పంపుచుండును. కార్డు నడుమ కూర్చుండి, ఆ సంఖ్యలను ధ్వనులుగా గ్రహించి, అక్షరములుగా కూర్చి, తెరపై చూపును. కూర్పు పని కార్డుపైననే జరుగును గనుక ప్రధాన యంత్రపు 640 కిలోబైట్ల ఇరుకు జాగాపై ఆ భారము పడదు. డీబేసునకు తాను తెలుగు పేర్లను వరుసపెట్టుచున్నానని తెలియనే తెలియదు.

ఆ సంకేతములకు ఇస్కీ అని పేరు. భారతీయ ప్రమాణముల సంస్థ వారు 1991లో ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో దీనిని ప్రమాణముగా ప్రకటించినారు. 128కి లోపలి సంకేతములు ఇంగ్లీషునకును అంకెలకును యథాతథముగా ఉండును. మా నూటపదార్లు చెడకుండుటకు కారణమిదే. పై సగమున భారతీయ వర్ణమాల ఉండును. ఆ ప్రమాణము ప్రకారము ‘తిరుపతి’ అను పేరు యంత్రములో ఎట్లుండునో చూడుడు: తకారము 194, ఇకారము 219, రకారము 207, ఉకారము 221, పకారము 200, మరల తకారము 194, ఇకారము 219. తెరపై నాలుగక్షరములు, లోపల ఏడు సంకేతములు. ‘చిత్తూరు’నకు ఎనిమిది కావలెను: చకారము, ఇకారము, తకారము, పొల్లు, తకారము, ఊకారము, రకారము, ఉకారము. తావత్తునకు వేరు సంకేతము లేదు. తకారము తరువాత పొల్లు వచ్చి, దాని వెంట మరల తకారము వచ్చినచో దానిని ఒత్తుగా క్రింద వ్రాయవలెనని కార్డునకు తెలియును. అనగా ఫైలులో నిలుచునది పలుకు. ఆకారము కార్డు చేతిలోనిది. బడిలో పంతులుగారు “తకు తావత్తిస్తే త్త” అని చెప్పించినట్లే ఈ లెక్కయు నడచును.

కీబోర్డు సంగతియు ఇటువంటిదే. ఇన్‌స్క్రిప్టు అను అమరికలో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. మాకు వినోదముగా తోచిన విషయమొకటి: తిరుపతి అని కొట్టుటకు వ్రేళ్ళు నడిమి వరుసను విడువ నక్కరయే లేదు. ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్, అంతే. చిత్తూరునకు మాత్రము ఊకారము కొరకు ఒక్కమారు పై వరుసకు ఎగబ్రాకవలెను.

ఇక మా ప్రాంతమువారికి ఈ కార్డుతో నున్న ప్రత్యేక సంబంధము చెప్పవలెను. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. నాటినుండి మూడు భాషల కూడలిలోనే ఉన్నది. తిరుత్తణి తాలూకా 1960లో అటు మద్రాసు రాష్ట్రమునకు పోయినది. కుప్పము మూడు రాష్ట్రముల కలయికచోట నుండుటవలననే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును అచట నెలకొల్పినారు. తిరుమల శాసనములలో అధికభాగము తమిళము. తెలుగు కన్నడములును కలవు. తిరుపతి వీధులలో ఒక ఫలకముపై మూడు నాలుగు లిపులు కనబడుట మాకు వింత కాదు. ఇటువంటి చోట ఒకే పేరును ఒకరు తెలుగులోను, ఒకరు తమిళములోను, ఒకరు కన్నడములోను అడుగుదురు.

ఇస్కీలో అన్ని లిపుల కకారమునకును ఒకే సంకేతము, 179. తెలుగు క, కన్నడ క, తమిళ క అను భేదము ఫైలులో లేదు. చూపునప్పుడు మాత్రమే ఉన్నది. కాబట్టి తెలుగులో ఎక్కించిన పట్టికను, మరల కొట్టనక్కర లేకుండ, లిపిని మార్చి కన్నడములో చూడవచ్చును. తెలుగు కన్నడములకు వర్ణమాల ఇంచుమించు ఒకటే గనుక అద్దములో చూచుకొన్నట్లుండును.

తమిళముతో మాత్రము అంత సులభము కాదు. క, ఖ, గ, ఘ నాలుగింటికిని అచట అక్షరమొక్కటే. ‘గోవిందు’ అను పేరు తమిళ లిపిలో వ్రాసినచో, దానిని చూచి ఎక్కించువాడు తెలుగులోనికి ‘కోవిందు’ను తెచ్చును. అంతేకాక తమిళులు తిరుపతిని పకారము ద్విత్వముగా ‘తిరుప్పతి’ అని వ్రాయుదురు. కార్డు మన వర్ణక్రమమునే తమిళ లిపిలో చూపును గాని, వారి వర్ణక్రమమును ఎరుగదు. లిపిమార్పు అనువాదము కాదు. ఆ రోజులలో కొందరు ఈ కార్డును గురించి భాషలన్నియు ఒకటైపోయినట్లు మాటలాడినారు, అది అతిశయోక్తియే. అయినను పేర్ల పట్టికలకు, చిరునామాలకు, రసీదులకు అది చేసిన మేలు చిన్నది కాదని మా అభిప్రాయము.

1990లలో విండోస్ వచ్చుటతో తెర అంతయు చుక్కలమయమైనది, యంత్రములు వేగవంతములైనవి, అక్షరములు కూర్చుటకు వేరు కార్డుతో పని లేకపోయినది. ఇంతవరకు సంతోషమే. కాని దాని వెంట ఒక నష్టమును వచ్చినది. అచ్చుపని కొరకు వచ్చిన ఫాంట్లలో పెక్కింట పలుకులకు బదులు ఆకారములనే దాచు పద్ధతి ఏర్పడినది. తలకట్టునకొక సంఖ్య, కొమ్మునకొక సంఖ్య, తావత్తునకొక సంఖ్య. ఆ సంఖ్యలును ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క విధము. అచ్చు అందముగనే వచ్చినది. ఫాంటు పోయిన నాడు మాత్రము వ్రాత అంతయు చిత్తుపెంకులైనది. కార్డులో ఉన్నప్పుడు పలుకును ఆకారమును వేరుచేసి ఉంచిన వివేకము, కార్డుతోపాటు కొంతకాలము మరుగున పడినదనవలెను. అదృష్టవశమున 1991లో వెలువడిన యూనికోడ్ మన లిపులకు 1988 నాటి ఇస్కీ వరుసనే స్వీకరించినది. నేటి సెల్‌ఫోనులో తమిళ కకారము 2965, తెలుగుది 3093, కన్నడముది 3221. వరుసగా నూట ఇరువదియెనిమిదేసి ఎడము. పాత కార్డు నేర్పిన వావి వరుసలు నేటికిని అందు కనబడుచునే ఉన్నవి.

ఇప్పుడు మిఠాయి డబ్బాకు వత్తము. ఆ శిక్షణ కేంద్రపు కార్డు మా వద్ద లేదు. కాని ఫైలులో ఉన్నది పలుకైనచో కార్డు లేకున్నను చదువవచ్చునని ఆశ. ఇస్కీ ప్రమాణ పట్టికను ముందిడుకొని చూచితిమి, కుదరలేదు. అప్పుడు పట్టికను ప్రక్కన పెట్టి, పేర్లనే పట్టుకొన్నాము. మా జిల్లాలో చందాల పట్టిక అనినచో అందు రెడ్డి, నాయుడు పదేపదే రాక తప్పదు. ‘రెడ్డి’ అనగా ఆరు సంకేతములు: ర, ఎకారము, డ, పొల్లు, డ, ఇకారము. మూడవది, ఐదవది ఒకటే కావలెను. ‘నాయుడు’ కూడ ఆరే: న, ఆకారము, య, ఉకారము, డ, ఉకారము. అందు నాలుగవది, ఆరవది ఒకటి. పైగా రెడ్డిలోని మూడవదియు నాయుడులోని ఐదవదియు ఒకటే డకారము. పంక్తుల చివరి ఆరేసి గుర్తులను వెదకగా ఒక గంటలో రెండును దొరికినవి. దొరికిన పిమ్మట మర్మము తెలిసినది. డాస్ యంత్రములలో 176 నుండి 223 వరకు గల సంకేతములు పట్టికల గీతలు గీయుటకు కేటాయింపబడి యుండెను. ఆ గీతలు చెడకుండ, పీసీల కొరకు ఇస్కీ అక్షరములను వేరు స్థానములకు జరిపిన అమరిక మరొకటి కలదు. స్థానములు మారినవి గాని పద్ధతి మారలేదు. ఆ వరుసతో చూడగా పేర్లు ఒకదాని వెంట ఒకటి తలయెత్తి నిలిచినవి. ఏడు ఫ్లాపీలలో రెండు బూజుపట్టి చదువుటకు లొంగలేదు. తక్కిన ఐదింటిలో నాలుగు వందల పైచిలుకు పేర్లు దక్కినవి.

ఈ ప్రసంగము వినువారిలో ఎవరి అటకపైననైన పాత యంత్రముండినచో ఒక్క మాట. మా ఊళ్ళలో పాత సామానుల దుకాణములవారు ఈ కార్డులను కిలోల లెక్కన కొందురు. అంచున నుండు రవ్వంత బంగారుపూత కొరకు వాటిని కాల్చుదురు. ఇచ్చివేయుటకు ముందు మూత తీసి ఏ గాడిలో ఏమున్నదో ఫోటో తీసికొనుడు. దుమ్మును మెత్తని కుంచెతో దులుపుడు, తడిగుడ్డ వలదు. మదర్ బోర్డుపై పీపావంటి చిన్న బ్యాటరీ ఉన్నచో దానిని ముందుగా తీయించుడు. అది కారి రాగి తీగలను తినివేయును. కొన్ని చిప్పుల నడుమ గాజుకిటికీ, దానిపై అంటించిన కాగితపు ముక్క ఉండును. ఆ కాగితమును ఊడబెరుకరాదు. చిప్పులోని వ్రాతను అతినీలలోహిత కిరణములతో చెరుపుటకు ఏర్పరచిన కిటికీ అది. కాగితము తీసి మన రాయలసీమ ఎండలో కొన్నాళ్ళుంచినచో అక్షరములన్నియు తుడిచిపెట్టుకొని పోవును. ఫ్లాపీలు దొరికినచో ఇనుప బీరువాపై, స్పీకరుల చెంతను పెట్టక, మొట్టమొదట నకలు తీయించుడు. తెరపై అర్థముకాని అక్షరములు కనబడినంత మాత్రమున పాడైనవని పారవేయవలదు.

పెద్దమనిషికి కబురంపగా మరునాడే వచ్చినారు. అచ్చుతీసిన కాగితములను కన్నులకు దగ్గరగా పట్టుకొని, పేరు పేరునను వ్రేలు పెట్టి చదువనారంభించినారు. మూడవ పుటలో వ్రేలు ఆగినది. ఒక పేరు చివర ‘రెడ్డి’కి బదులు ‘రెడడి’ అని ఉన్నది. మా పట్టికలో పొరపాటేమోనని ఫైలు తెరచి చూచినాము. కాదు, నాడు ఎక్కించినప్పుడే పొల్లు మీట ఒక్కటి పడలేదు.

“ఇది నేను కొట్టిందే నాయనా,” అన్నారాయన. “ఆ పొద్దు కరెంటు పోతావుండె, వస్తావుండె. ఇప్పుడన్నా దిద్దు.”

అసలు ఫైలును అట్లే ఉంచి, నకలులో పొల్లు చేర్చినాము. ఆయన కన్నద్దములు సవరించుకొని నాలుగవ పుట త్రిప్పినారు.